రత్నమ్మ చేతుల గురించి నేను రాసిన వాక్యం

నేను రిటైరైన రోజు మా ల్యాబులో శాలువా కప్పి, దండ వేసి, "కొత్తగా చేరిన పిల్లలకు రెండు మంచి మాటలు చెప్పండి మేడం" అన్నారు. మైకు తీసుకుని రత్నమ్మ పేరు ఎత్తాను. ముందు వరసలో ముఖ్య అతిథిగా కూర్చున్న మా పాత డైరెక్టరు గారు గడియారం చూసుకున్నారు. ఎవరో సమోసాలు పంచడం మొదలుపెట్టారు. ఇంకెవరో వచ్చి "ఫోటో మేడం, ఫోటో" అంటూ నా చేతిలో మైకు తీసేసి పూలగుత్తి పెట్టారు. సరే, కానివ్వండి. ఆ రెండు మాటలూ ఇక్కడ రాస్తున్నాను. ఇక్కడ సమోసాలు పంచేవాళ్లు లేరు.

ఆహార పరిశోధనలోకి, ముఖ్యంగా సూక్ష్మజీవుల విభాగంలోకి వచ్చే పిల్లల కోసం ఇది. నా ప్రమోషన్లు మీకక్కర్లేదు. అవి ఎలా వస్తాయో మీరే నేర్చుకుంటారు, అది కష్టం కాదు. నేను చేసిన ఒక తప్పు చెబుతాను. దాన్ని సరిదిద్దబోతే ఎవరెవరు అడ్డం పడ్డారో కూడా చెబుతాను. నచ్చనివాళ్లు ఇక్కడే ఆపేయవచ్చు.

పని అంటే ఏమిటి

తెల్ల కోటు, మైక్రోస్కోపు, ఏసీ గది అనుకుని వస్తారు. మొదటి వారంలోనే ముక్కుకు గుడ్డ కట్టుకుంటారు. మన దగ్గరికి వచ్చేది జనం తినగా మిగిలింది. హాస్టల్ సాంబారు ఊరగాయ సీసాలో వస్తుంది. పెళ్లి పెరుగు పాలిథీన్ కవర్లో కారుతూ వస్తుంది. దాని మీద అంటించిన చీటీలో పేరు సగం తుడిచిపోయి ఉంటుంది. దాంట్లో ఏ క్రిమి ఉందో చెప్పమంటారు. క్రిమిని పట్టుకోవడం ఒక ఎత్తు. అసలు ఆ సీసా మనకు చెప్పగలిగింది ఎంత, చెప్పలేనిది ఎంత అని తేల్చుకోవడం ఇంకో ఎత్తు. ఈ రెండోది మాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. నాకు దాన్ని నేర్పింది చదువు రాని ఒక వంటమనిషి. ఫీజు కూడా ఆమే కట్టింది.

కోత పండుగ

మాది సికింద్రాబాదులో స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం. నాన్న కోస్తా నుంచి బడిపంతులుగా వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా అన్నయ్య దేవదానం రైల్వేలో పని చేసి రిటైరయ్యాక మా చర్చికి సెక్రటరీ అయ్యాడు. క్రమశిక్షణ మనిషి. ఆరాధన జరుగుతుండగా వంట పొగ లోపలికి వస్తే ఆయనకు ఒళ్లు మండేది. అందుకని ఒక రూలు పెట్టాడు. పండుగ రోజున పొద్దున మొదటి గంట కొట్టేలోపు చర్చి ఆవరణలో పొయ్యిలన్నీ ఆరిపోవాలి. వంటవాళ్లు కూడా చేతులు కడుక్కుని వచ్చి ఆరాధనలో కూర్చోవాలి. వినడానికి ఎంత బాగుందో చూడండి. సంఘమంతా మెచ్చుకుంది. నేనూ మెచ్చుకున్నాను.

మా కోత పండుగ ఎలా ఉంటుందో తెలియనివాళ్లకు చెప్పాలి. పంట చేతికొచ్చే కాలంలో దేవునికి కృతజ్ఞతగా ఎవరికి తోచింది వాళ్లు తెస్తారు. గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్లు, ఇంట్లో చేసిన అరిసెలు. ఆరాధన అయ్యాక వాటికి వేలం పాట. ఒకే గుమ్మడికాయను నలుగురు కొని నలుగురూ మళ్లీ వేలానికే ఇచ్చేస్తుంటారు. ఆ సరదా ఒక పట్టాన తెమలదు. అదయ్యాక అందరికీ ప్రేమ విందు.

విందు వంట ఎప్పుడూ రత్నమ్మదే. బోయిగూడలో ఉండేది. మా సంఘంలోనే మనిషి. పెళ్లయినా, చావైనా, క్రిస్మస్ అయినా ఆమె గంటె తిప్పాల్సిందే. ఆ ఏడు కూడా తెల్లవారుజామున నాలుగింటికే అన్నం వండి, వార్చి, ముద్ద కాకుండా వెదురు గంపల్లోకి తీసి, పైన తడిబట్ట కప్పింది. కోడికూర డేగిసాలో మూత పెట్టి ఉంచింది. వేలం పాట అయ్యేసరికి మధ్యాహ్నం మూడు. గ్యాసు పొయ్యి మీద కూర మాత్రం కుతకుతలాడేదాకా వేడి చేశారు. గంపల్లో అన్నం అలాగే వడ్డించారు.

సాయంత్రం ఆరు దాటేసరికి బోయిగూడ నుంచి మెట్టుగూడ దాకా ఇంటింటా వాంతులు. ఎవరూ చనిపోలేదు, దేవుడి దయ. కానీ చాలామంది పిల్లలకు సెలైన్లు ఎక్కించాల్సి వచ్చింది.

ఆ వాక్యం

సోమవారం ఆ కూర నా బల్ల మీదికి వచ్చింది. నా సొంత చర్చి కేసు నేను తీసుకోకూడదు. తీసుకున్నాను. వేలం పాట అంటే విసుగెత్తి నేను తినకుండానే ఇంటికొచ్చేశాను కాబట్టి నాకు పక్షపాతం ఉండదని నాకు నేనే చెప్పుకున్నాను. ఎంత తెలివి చూడండి.

వచ్చింది ఒక్క స్టీలు డబ్బా. ఎవరో విందు నుంచి ఇంటికి పట్టుకెళ్లిన కోడికూర. ఒక రాత్రంతా బయటే ఉంది. ఎన్ని చేతులు పడ్డాయో లెక్కలేదు. అన్నం ఎవరూ పంపలేదు. నేనూ అడగలేదు. జబ్బు చేసిందంటే మాంసమే అయి ఉంటుందని మనకో గుడ్డి నమ్మకం. పీహెచ్‌డీ ఉన్న నాకూ ఉంది.

కూరలో స్టెఫిలోకాకస్ దొరికింది. అది మనుషుల చేతుల మీద, ముక్కుల్లో ఉండే క్రిమి. తిండిలో పెరిగితే విషం తయారు చేస్తుంది, వాంతులు చేయిస్తుంది. చక్కగా సరిపోయింది. నేను రిపోర్టు రాసి చివర్లో ఒక వాక్యం చేర్చాను: "ఇది వంట చేసినవారి చేతుల ద్వారా ఆహారంలోకి చేరినట్లు భావించవచ్చు."

భావించవచ్చట! ఆ చేతులు నేను చూడలేదు. ఆ మనిషిని ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ డబ్బాలో ఎవరెవరు చేతులు పెట్టారో తెలుసుకోలేదు. సంతకం మాత్రం బ్రహ్మాండంగా పెట్టాను.

ఒక నకలు చర్చి కమిటీకి వెళ్లింది. అన్నయ్య దాన్ని ఫోటో తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. నా సంతకం స్పష్టంగా పడింది. రెండు రోజుల్లో రత్నమ్మ ఒప్పుకున్న రెండు పెళ్లిళ్ల వంట పోయింది. చనిపోయినవారి జ్ఞాపకార్థం సమాధి కూటం పెట్టుకున్న ఒక ఇంటివాళ్లు ఆమెకు చెప్పకుండానే ఇంకొకరిని పిలుచుకున్నారు. ఆదివారం చర్చిలో బల్ల మీద ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. ఇదంతా నేను చూశాను. అయ్యో అనుకున్నాను. సైన్సు సైన్సే కదా అని కూడా అనుకున్నాను. ఆ ముక్క గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

యాదగిరి అడిగిన ప్రశ్న

మా ల్యాబు టెక్నీషియన్ యాదగిరి బన్సీలాల్‌పేట్ మనిషి. నాకంటే రెండేళ్లు సీనియర్. క్రిములను పెంచే ప్లేట్లు పోయడంలో అతని చేయి తిరుగులేనిది. డిగ్రీ లేదు కాబట్టి మీటింగులకు పిలిచేవాళ్లు కాదు. ఒకరోజు టీ తాగుతూ ఉండబట్టలేక అడిగేశాడు.

"మేడం, ఏమనుకోకుర్రి. ఉల్టీలు అయినోళ్లు అందరు కూర తిన్నరా?"

"తినే ఉంటారు యాదగిరీ."

"ఉంటరు అంటే ఎట్ల మేడం? అడిగిన్రా? మా గల్లీల ఒక పోరి ఉన్నది, మీ చర్చికే వస్తది. ముక్క అసలు ముట్టదు. పప్పన్నం తిన్నది. రెండు రోజులు లేవలే."

టీ గ్లాసు పక్కన పెట్టేశాను. ఆ సాయంత్రమే నోటుబుక్కు పట్టుకుని బయల్దేరాను. ఇల్లిల్లూ తిరిగాను. ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు, ఎప్పుడు మొదలైంది. మొదటి రోజే చేయాల్సిన పని అది, పదమూడు రోజుల తర్వాత చేశాను. కొందరు నవ్వారు. ఒకావిడ "మీరే రాశారు కదమ్మా, మళ్లీ మమ్మల్ని అడుగుతారేంటి?" అని ముఖం మీదే అంది. ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు.

సంగతి తేల్చింది మా షుగర్ పేషెంట్లు. సంఘంలో పెద్దవాళ్లు అరడజను మంది అన్నం ముట్టరు. ఇంటి నుంచి జొన్నరొట్టె తెచ్చుకుని విందులో కూర మాత్రం వేయించుకుంటారు. అందరూ కోడికూర సుష్టుగా తిన్నారు. ఒక్కరికీ ఏమీ కాలేదు. పప్పన్నం, పెరుగన్నం మాత్రమే తిన్న పిల్లలందరూ పడ్డారు. మా అన్నయ్యకూ షుగరే, ఆయన కూడా రొట్టె బ్యాచే. రత్నమ్మ చేతుల్లో దోషం ఉంటే ముందు ఆయనే పడాలి. గుండ్రాయిలా ఉన్నాడు. డబ్బాలో దొరికిన క్రిమి విందు తర్వాత ఆ ఇంట్లో పడ్డ చేతులదై ఉండొచ్చు.

అన్నం! బియ్యంలోనే ఉండే క్రిమి ఒకటుంది, బాసిల్లస్ సీరియస్. దాని బీజాలు ఉడికినా చావవు. అన్నం పొగలు కక్కుతున్నంతసేపూ ఊరుకుంటాయి. నులివెచ్చగా గంటల తరబడి వదిలేస్తే లేచి పెరుగుతాయి, విషం తయారు చేస్తాయి. తర్వాత వేడి చేసినా ఆ విషం పోదు. నాలుగింటికి వండిన అన్నం, పెద్ద గంప, పైన తడిబట్ట, మధ్యాహ్నం మూడు దాకా. ఈ పాఠం నేను ట్రైనింగు క్లాసుల్లో ఎన్నిసార్లు చెప్పానో! నా కళ్ల ముందు జరిగితే కోడి వెంట పడ్డాను.

బోయిగూడలో ఒక పొద్దు

అనుకుంటే చాలదు, చూపించాలి. అదే బియ్యం, అవే గంపలు, అదే పద్ధతి, గంట గంటకూ శాంపిల్. చర్చి ఆవరణ ఇవ్వమని అన్నయ్యను అడిగాను.

"దేనికి? నా రూలు తప్పని తేల్చడానికా?" అన్నాడు.

"నా రిపోర్టు తప్పని తేల్చడానికి."

"నీకు పిచ్చిగానీ పట్టిందా? అయిపోయిందాన్ని మళ్లీ కెలుకుతావా? సొంత అన్ననే రోడ్డు మీద పెడతావా?"

"రత్నమ్మను పెట్టాం కదన్నయ్యా, ఇద్దరం కలిసి."

ఆయన లేచి లోపలికి వెళ్లిపోయాడు. ఆవరణ లేదు. డైరెక్టరు దగ్గరికి వెళ్తే ఆయన ఇంకా మర్యాదగా చెప్పారు. "చూడండి మేడం, రిపోర్ట్ వెళ్లిపోయింది. మనమే తప్పని రాస్తే రేపు మన ప్రతి రిపోర్టునూ ప్రశ్నిస్తారు. ఇన్‌స్టిట్యూట్ పరువు ఆలోచించండి." ప్రశ్నించనివ్వండి సార్, దానికే కదా మనకు జీతం ఇస్తున్నది అన్నాను. ఆయన ఫైలు మూసేశారు.

ఇక మిగిలింది రత్నమ్మే. బోయిగూడలో ఆమె ఇంటికి వెళ్లాను. అప్పటికి ఆమె ఒక హోటల్లో గిన్నెలు తోముతోంది. గంటె పట్టిన మనిషి! గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడింది.

"ఏంది డాక్టరమ్మా, ఇంకేమన్న రాసేది మిగిలిందా?"

నేను తప్పు చేశానని చెప్పాను. ఎలా చేశానో కూడా చెప్పాను. ఆమె వింది. రెండు చేతులూ నా ముఖం ముందు చాపింది. సర్ఫు నీళ్లకు వేళ్ల చివర్లు పగిలి ఉన్నాయి.

"గీ చేతులేనా నువ్వు రాసింది? ఒక్కనాడన్న చూసినవా? నీ పెళ్లికి సుత గీ చేతులే వండినయ్. గప్పుడు మంచిగున్నయా?"

నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు. "ఏడ్వకు. ఏడిస్తే నా పని తిరిగొస్తదా? ముందు గీటిని చూడు. నీ మిషిన్ల పెడ్తవో ఏం చేస్తవో, చూసి చెప్పు. గప్పుడు మాట్లాడుదాం" అంది.

మర్నాడు కిట్ తెచ్చి ఆమె గుమ్మంలో కూర్చుని రెండు చేతులకూ స్వాబ్ తీశాను. వారాల తర్వాత తీసిన స్వాబ్‌తో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. కానీ సంతకం పెట్టకముందు ఆమెకు చేయాల్సిన మర్యాద అది. ఆ క్రిమి దొరకలేదు. ఆ మాట చెప్పడానికి వెళ్తే ఈసారి లోపల కూర్చోబెట్టింది.

శనివారం తెల్లవారుజామున నాలుగింటికి ఆమె వాకిట్లోనే పొయ్యి వెలిగింది. బియ్యం మోండా మార్కెట్లో ఆమె ఎప్పుడూ కొనే దుకాణం నుంచే. యాదగిరి ఐసు డబ్బాతో స్కూటర్ మీద వచ్చాడు. గంపలో పొడవాటి థర్మామీటర్ గుచ్చితే రత్నమ్మ విసుక్కుంది.

"అన్నానికి జొరమొచ్చిందా యాదగిరీ?"

"వస్తది అత్తా, జెర ఆగు. పన్నెండు కొట్టనీ" అన్నాడతను.

నిజంగానే అంతే అయింది. గంప నడుమ అన్నం పొద్దంతా మన ఒంటి వేడికి అటూ ఇటూగా ఉండిపోయింది. తడిబట్ట దాన్ని చల్లారనివ్వలేదు, ఆరనివ్వలేదు. వాసన లేదు, జిగురు లేదు, చూడ్డానికి మల్లెపూవే. సోమవారం ప్లేట్లు తీశాం. పొద్దుటి శాంపిళ్లలో ఎక్కడో ఒకటి. మధ్యాహ్నం వాటిలో ప్లేటు నిండా గులాబీ రంగు చుక్కలు, చుట్టూ తెల్లటి వలయాలు. యాదగిరి ప్లేటు వెలుతురుకు పట్టుకుని, "గిదిగో, మీ అన్న రూలు" అన్నాడు.

పక్కన పెట్టిన ఇంకో గిన్నెలో సన్న సెగ మీద వేడిగా ఉంచిన అన్నం కూడా పరీక్షించాం. అందులో పెరుగుదల లేదు.

సాక్ష్యం

సవరించిన రిపోర్టు రాశాను. మొదటి పేరాలోనే నా పాత నిర్ధారణ తప్పని, దానికి బాధ్యత నాదని పెట్టాను. విందు నాటి అన్నం దొరకలేదు కాబట్టి ఇది కోర్టులో నిలిచే రుజువు కాదని కూడా పెట్టాను. తెలియనిదాన్ని తెలియదని రాయడం అప్పటికైనా వచ్చింది. డైరెక్టరు గారు దాన్ని పంపలేదు. నెల్లాళ్లు తిరిగాను. "పరిశీలనలో ఉంది" అన్నారు. పరిశీలించడానికి అందులో ఏముంది? నా తప్పు, నా సంతకం.

మా చర్చిలో పాటల తర్వాత సాక్ష్యాల సమయం ఉంటుంది. ఎవరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పవచ్చు. జబ్బు నయమైంది, ఉద్యోగం వచ్చింది, ఇలాంటివి. నేను ఎన్నడూ లేవలేదు. ఆ ఆదివారం లేచాను. పాస్టరు అయ్యగారు సంతోషించారు పాపం. నేను బైబిల్లోంచి రిపోర్టు తీసి మొదటి అక్షరం నుంచి చదివాను.

అన్నయ్య మధ్యలో లేచాడు. "ఇది ఆరాధన. ల్యాబు కాదు."

"ఆ రిపోర్టు గ్రూపులో పెట్టినప్పుడు ఇది ల్యాబే అయింది కదన్నయ్యా. కూర్చో, ఇంకో పేజీ ఉంది."

చివర్లో నా మాటగా ఇంతే చెప్పాను: "రత్నమ్మ చేతుల్లో దోషం ఉందని రాసినప్పుడు నేను వాటిని చూడలేదు. చూడకుండా రాశాను. అది అబద్ధ సాక్ష్యం. పొయ్యి ఆర్పమన్నది మనం. ఆమె మన మాట విన్నది, అంతే." తర్వాత ఆ పేజీలను నేనే ఫోటో తీసి అదే గ్రూపులో పెట్టాను. ఈసారి కూడా సంతకం స్పష్టంగా పడింది.

అనుమతి లేకుండా ఆఫీసు పత్రం బయటపెట్టినందుకు నాకు మెమో వచ్చింది. నా సర్వీసు రికార్డులో అది ఇప్పటికీ ఉంది. తీయించుకోమని చాలామంది సలహా ఇచ్చారు. ఎందుకు తీయించుకుంటాను? నా మొత్తం ఫైలులో నేను నిజంగా పని చేసినట్టు చూపించే కాగితం అదొక్కటే. అన్నయ్య ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. నేనూ బతిమాలలేదు.

పిల్లలూ, మీ పైవాళ్లు పరువు అనే మాట వాడినప్పుడు ఎవరి పరువు అని అడగండి. ల్యాబు పరువు గురించి చాలామంది మాట్లాడారు. రత్నమ్మ పరువు గురించి ఒక్క యాదగిరి తప్ప ఎవరూ మాట్లాడలేదు. అతనికి మీటింగులో కుర్చీ కూడా లేదు.

మళ్లీ కోత పండుగ

పెళ్లిళ్లు ఒక్కొక్కటిగా తిరిగొచ్చాయి. అన్నీ రాలేదు. కొందరు ఇప్పటికీ ఆమెను పిలవరు. నా మొదటి రిపోర్టు వాళ్ల ఫోన్లలో ఎక్కడో ఇంకా ఉండే ఉంటుంది.

మరుసటి కోత పండుగకు కమిటీ వాళ్లు ఆమె ఇంటికి వెళ్లి అడిగారు. ఆమె ఒకటే షరతు పెట్టింది. "ఆఖరి విస్తరి లేచేదాంక నా పొయ్యి ఆరదు. ఇష్టముంటే చెప్పుర్రి, లేకుంటే లే." ఒప్పుకున్నారు. అన్నయ్య సెక్రటరీగానే ఉన్నాడు. ఆయన ఒప్పుకోలేదు, కాదనలేదు.

ఆ రోజు ప్రసంగం మధ్యలో పొగ లోపలికి వచ్చింది. కిటికీల్లోంచి, తలుపుల్లోంచి, బల్లల కిందినుంచి. అయ్యగారు దగ్గారు. అన్నయ్య కళ్లు తుడుచుకున్నాడు. అందరం ఆయన వైపే చూశాం. ఆయన లేవలేదు.

వేలం పాట అయ్యి బంతి వేశారు. నేను చివర కూర్చోబోతుంటే రత్నమ్మ గంటెతో పిలిచింది.

"డాక్టరమ్మా, గాడ కాదు. గీడ, ముంగట కూసో. అందరి కంటె ముందు నువ్వే తినాలె."

అందరూ చూస్తుండగా వెళ్లి మొదటి విస్తరి ముందు కూర్చున్నాను. డేగిసాలోంచి అప్పుడే తీసిన అన్నం వేసింది. పొగలు కక్కుతోంది. చల్లారనిద్దామని చూశాను. ఆమె కదల్లేదు, నడుం మీద చేయి పెట్టుకుని నిలబడింది. కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నాలుక కాలింది. రత్నమ్మ చూస్తుండగానే ఇంకో ముద్ద కలుపుకున్నాను.